ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్ కావాలన్నారు ట్రైనింగులో. సోమవారం బడికెళ్ళి ఏం చెయ్యాలి?

కొత్త_హెచ్ఎం
ఈ జూన్‌లో ప్రమోషన్ మీద జడ్పీ హైస్కూలు హెచ్ఎంగా చేరాను. పల్లెటూరు, మండల కేంద్రం నుంచి ఆటో ఎక్కాలి. స్టాఫ్ 14 మంది. మొన్న జిల్లా కేంద్రంలో లీడర్‌షిప్ ట్రైనింగ్ పెట్టి, మీరు ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్లు, అంటే మనుషుల్లో మార్పు తెచ్చే నాయకులు కావాలి అన్నారు. నాలుగు విషయాలు చెప్పారు. తాను ఆదర్శంగా ఉండటం, రేపటి మీద నమ్మకం కలిగించడం, కొత్తగా ఆలోచించేలా చెయ్యడం, ఒక్కొక్కరినీ విడిగా పట్టించుకోవడం. అన్నీ రాసుకున్నాను, అన్నీ నిజమే అనిపించాయి. కానీ సోమవారం ప్రేయర్ బెల్లు కొట్టాక నేనేం చెయ్యాలో ఆ నోట్సులో లేదు.

ఎనిమిదో తరగతిలో సగం మందికి భాగహారం రాదు. స్టాఫ్ మీటింగులో నేను మాట్లాడుతుంటే అందరూ తలూపుతారు, "అలాగే మేడం" అంటారు, బయటికెళ్ళాక ఎక్కడివక్కడే. లెక్కల సార్ నాకంటే పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, ఊళ్ళో ఆయన మాటకి విలువ. ఆయన నాతో నెమ్మదిగానే అన్నారు: "వచ్చిన ప్రతి హెచ్ఎమ్మూ మొదట్లో ఇలాగే మాట్లాడతారు మేడం. తర్వాత ఆఫీసు పనుల్లో పడిపోతారు." కోపంగా అనుంటే సర్దుకునేదాన్ని. మామూలుగా అన్నారు, అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంక్రిమెంటు ఇవ్వలేను, ఎవర్నీ ట్రాన్స్‌ఫర్ చెయ్యలేను, మెమోలిచ్చి పని చేయించడం నాకిష్టం లేదు. బడి మారాలని మాత్రం గట్టిగా ఉంది. ఈ నాయకత్వం నేర్చుకుంటే వస్తుందా? దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి.

ఫార్మా_షిఫ్ట్_బి
పుట్టుకతో రావాలి మేడం. మా ప్లాంటులో ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఉన్నాడు, ఆయన నడిచొస్తుంటేనే జనం లేచి పనిలో పడతారు. ఆయన ఏ ట్రైనింగుకీ వెళ్ళలేదు.

లెక్కల_పంతులు
@ఫార్మా_షిఫ్ట్_బి అది భయం కూడా కావచ్చు బ్రదర్. ఆయన సెలవు పెట్టిన రోజు కూడా అలాగే పనిచేస్తే అప్పుడు ఒప్పుకుంటా.

మేడం, నేనూ లెక్కల స్కూల్ అసిస్టెంటునే. మీ సార్ వైపు నుంచి చెప్తా. ఆయన ఎదురు చెప్పలేదు, మీరు ఉంటారా పోతారా అని అడిగారు. పొద్దున హాజరు యాప్, తర్వాత భోజనం ఫొటో, మధ్యలో ఎవరో అడిగిన గూగుల్ షీటు, సాయంత్రం వాట్సాప్ గ్రూపులో "అర్జెంట్, ఈరోజే". ఇవన్నీ అయ్యాక పాఠం. స్టాఫ్ రూములో మేం బద్ధకంగా కూర్చోలేదు, అలిసిపోయి కూర్చున్నాం. మార్పు గురించి మాట్లాడే ముందు ఆ బరువులో కొంచెం మీరు తీయండి. ఏ హెచ్ఎం అయితే "ఈ షీటు నేను చూసుకుంటా, మీరు క్లాసుకెళ్ళండి" అంటుందో ఆమె మాట మేం వింటాం.

ఓరుగల్లు_పోరడు
ఇవన్నీ పుస్తకాల ముచ్చట్లు. గవర్నమెంటుల పవర్ ఉన్నోనికే నడుస్తది. హెచ్ఎం చేతిల ఏముంది? సీఎల్ సాంక్షన్ చేసుడు తప్ప. మా నాయిన 30 ఏండ్లు ఆర్టీసీల చేసిండు, డిపో మేనేజర్లు వచ్చిండ్రు పోయిండ్రు, బస్సులు గవే, బాధలు గవే.

గచ్చిబౌలి_హెచ్ఆర్
కొంచెం వెనక్కి వెళ్తా, పనికొస్తుంది కాబట్టే.

ఈ ఆలోచనని 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. ఇచ్చిపుచ్చుకునే నాయకత్వం ఒకటి: నువ్వు పని చెయ్యి, నేను జీతమిస్తా, ఓటెయ్యి, రోడ్డేస్తా. రెండోది ఈ ట్రాన్స్‌ఫర్మేషనల్, నాయకుడూ జనమూ ఒకరివల్ల ఒకరు పైకెదిగేది. ఈ రెండూ ఎదురెదురు అన్నట్టు ఆయన రాశాడు. 1985లో బెర్నార్డ్ బాస్ అనే సైకాలజిస్టు వచ్చి, కాదు, ఒకే మనిషిలో రెండూ ఉంటాయి, రెండోది మొదటిదాని మీద కట్టాల్సిందే అన్నాడు. మీకు ట్రైనింగులో చెప్పిన నాలుగు అంశాలు బాస్, ఆయనతో పనిచేసినవాళ్ళు తేల్చినవే.

నేర్చుకుంటే వస్తుందా అన్నదానికి 1996లో ఒక ప్రయోగం అచ్చయింది. కెనడాలో ఒక పెద్ద బ్యాంకుకి చెందిన 20 మంది బ్రాంచి మేనేజర్లు. కొందరికి ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు, మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. శిక్షణ అయినవాళ్ళతో తర్వాత విడివిడిగా నాలుగుసార్లు కూర్చున్నారు. మీ కింద పనిచేసేవాళ్ళు మీ గురించి ఇలా చెప్పారు, ఇప్పుడు మీరు ఏం మార్చుకుంటారు అని అడిగి, చిన్న చిన్న పనులు రాయించారు. తర్వాత చూస్తే ఆ మేనేజర్లలో మార్పు వచ్చిందని వాళ్ళ సిబ్బందే చెప్పారు. సంస్థ పట్ల సిబ్బందికి ఉన్న నిబద్ధత కూడా పెరిగింది.

నాకు ఇందులో ముఖ్యంగా కనబడేది ఆ నాలుగు సిట్టింగులు. మన దగ్గర శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్టు, టీ, బిస్కెట్లు ఇచ్చి పంపేస్తారు. తర్వాత ఎవరూ అడగరు.

ఫార్మా_షిఫ్ట్_బి
@గచ్చిబౌలి_హెచ్ఆర్ బిస్కెట్లు ఇచ్చారా? మాకు టీ ఒక్కటే.

సూరత్_సాంచాలు
@ఓరుగల్లు_పోరడు అన్నా, నీ ఊరి దగ్గరోన్నే. మా నాయిన సాంచాల (మరమగ్గాల) మీద పనికని సూరత్ వచ్చిండు, నేను ఇక్కడి లింబాయత్‌లనే పుట్టిన. గవర్నమెంటుల ఏం మారదన్నవు గద, మా ఊరు చెప్త.

1994 సెప్టెంబరుల ఇక్కడ ప్లేగు వచ్చింది. మనోళ్ళు రాత్రికి రాత్రి రైలెక్కి కరీంనగర్, వరంగల్ ఉరికిండ్రు, మమ్ముల కూడ అమ్మ తీస్కపోయింది. మోరీలు పొంగి గల్లీలకు వచ్చేటియి, చెత్త కుప్పలు గుడిసెలంత ఎత్తుండేటియి. 1995ల ఎస్.ఆర్.రావు అని ఐఏఎస్, మన తెలుగాయనే, మున్సిపల్ కమిషనర్‌గ వచ్చిండు. గదే మున్సిపాలిటీ, గదే స్టాఫ్. ఆయన చేసిన మొదటి పని ఏందంటే ఆఫీసర్లను పొద్దుగాల ఏసీ రూములకెళ్ళి బయటికి తీసి గల్లీలల్ల నిలబెట్టిండు. దానికి ఏసీ టు డీసీ అని పేరు, డీసీ అంటే డైలీ చోర్స్, రోజువారీ పనులు. మధ్యాహ్నం అందరు కలిసి కూసుని పొద్దుగాల చూసింది అప్పుడే తేల్చుకునేది. కమిషనర్ చేతిలున్న అధికారాలు జోన్ల ఆఫీసర్లకు పంచిండు, ప్రతిదానికి ఫైలు పైకి పోయే పని లేకుండ.

మా గల్లీల మున్సిపాలిటీ ఇంజినీరు ప్యాంటు మడిచి మోరీ పక్కన నిలబడ్డది నా కండ్లతో చూసిన. ఊడ్చే ఆమె గాయన్ని చూసి, "సాబ్, ఇక్కడ కాదు, ఆ మూల తవ్వాలె, అక్కడ జామయ్యింది" అన్నది. ఆయన అక్కడ తవ్విపిచ్చిండు. ఊడ్చేటోళ్ళ మాట ఒక ఇంజినీరు విన్నది మేము గప్పుడే చూసినం. రెండేండ్లల్ల దేశంల బాగ శుభ్రమైన ఊర్లల్ల సూరత్ పేరు చెప్పుడు మొదలువెట్టిండ్రు.

ఓరుగల్లు_పోరడు
మంచిగ చెప్పినవ్ తమ్మీ, నేను కాదంటలేను. కని ఆయన కమిషనర్. అక్రమ కట్టడాలు కూలగొట్టిచ్చిండు, బుల్డోజర్లు ఉన్నయి. ఈ మేడం దగ్గర చాక్‌పీసు డబ్బా ఉంది.

సూరత్_సాంచాలు
కూలగొట్టింది నిజమే. అయితే పెద్దోళ్ళయి ముందు కూలగొట్టిండు, అందుకే గరీబోళ్ళు నమ్మిండ్రు. ఇంకో మాట, ఆయనకు ముందున్న కమిషనర్లకు కూడ గదే పవర్ ఉండె గద. మరి వాళ్ళు ఎందుకు చెయ్యలే?

గచ్చిబౌలి_హెచ్ఆర్
ఇదే అసలు తేడా. తన అధికారాన్ని ఆయన కిందికి పంచాడు. అధికారం ఎక్కువున్నవాళ్ళే చెయ్యగలరు అనుకుంటాం కానీ, ఉన్న కాస్తలోంచి ఎంత పంచుతున్నారు అన్నది కూడా లెక్కే. మేడం దగ్గరా పంచడానికి కొన్ని ఉన్నాయి. టైంటేబుల్, స్కూల్ గ్రాంటు ఎలా ఖర్చుపెట్టాలి, ఎవరు ఏ తరగతి తీసుకోవాలి, అసెంబ్లీలో ఎవరు మాట్లాడాలి. ఇవి చిన్నవి కావు.

ఇంకొకటి, రావు గారు బదిలీ అయ్యాక కూడా ఆ పద్ధతి పూర్తిగా కూలిపోలేదు. ఊళ్ళ శుభ్రతకి కేంద్రం ఇచ్చే ర్యాంకులు, 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇండోర్ కలిసి మొదటి స్థానంలో నిలిచాయి. మధ్యలో ఎంతమంది కమిషనర్లు మారుంటారో చూడండి.

కోనసీమ_మాస్టారు
నేను హెచ్ఎంగా రిటైరయ్యాను. @కొత్త_హెచ్ఎం అమ్మాయీ, ఇది నిదానంగా చదువు.

ఒకటి. స్టాఫ్ మీటింగులో ఎవరూ మారరు. అక్కడ పదిమంది ముందు ఎవరి పరువు వాళ్ళు కాపాడుకుంటారు, అంతే. మాట్లాడాల్సింది ఒక్కొక్కరితో, లీజర్ పీరియడ్‌లో, మీ గదిలో కాకుండా వాళ్ళున్న చోట. లైబ్రరీ బీరువా దగ్గరో, గ్రౌండులో వేపచెట్టు కిందో. "ఎలా ఉన్నారు" అనడం సరిపోదు. "మీరు ఏ పాఠం చెప్తుంటే మీకే బాగా అనిపిస్తుంది?" అని అడుగు. మా బళ్ళో సోషల్ మాస్టారొకాయన్ని ఎప్పుడూ మ్యాపు రాడ్డు భుజాన వేసుకుని తిరుగుతాడని అందరూ ఆటపట్టించేవారు. ఈ ప్రశ్న అడిగితే ఆయన గోదావరి మీద అరగంట మాట్లాడాడు. ఆ ఏడాది ఎగ్జిబిషన్ ఆయన చేతిలో పెట్టాను. పిల్లలు మట్టితో డెల్టా కట్టారు. ఆ తర్వాత నేను ఆయన్ని ఏ పనికీ రెండోసారి అడగాల్సి రాలేదు.

రెండు. అన్నిటికంటే కష్టమైన క్లాసు నువ్వు తీసుకో. హెచ్ఎంకి పీరియడ్లు తక్కువుంటాయి కదా. పదో తరగతి ఏ సెక్షన్ కాదు, ఆ భాగహారం రాని ఎనిమిదో తరగతి. నువ్వు ఏ పాఠం చెప్పేదానివైనా సరే. నువ్వు చెమటోడ్చడం పిల్లలకంటే ముందు స్టాఫ్ చూస్తారు.

మూడు. తరగతి పరిశీలనకి వెళ్ళినప్పుడు చేతిలో పుస్తకం పట్టుకెళ్ళకు. నువ్వు ఏదో రాసుకుంటుంటే అటువైపు మనిషి గొంతు మారిపోతుంది.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం. రివ్యూ మీటింగులో ఫలితాలు ఎందుకు తగ్గాయని అడిగితే, "మా లెక్కల సార్..." అని మొదలుపెట్టకు. "బాధ్యత నాది" అని ఆగిపో. ఆ మాట నీకంటే ముందు బడికి చేరుతుంది, ఎలా చేరుతుందో నాకూ తెలియదు, చేరుతుంది. ఫలితాలు బాగుంటే మైకు ఆయనకివ్వు.

దీనికి మన శ్రీహరికోటలోనే ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు కలాం గారు. విలేకరుల ముందు కూర్చుని జవాబు చెప్పింది మాత్రం ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ గారు. 1980 జులై 18న అదే రాకెట్‌తో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. ఆ రోజు ధావన్ గారు ప్రెస్ మీటుకి కలాం గారిని వెళ్ళమన్నారు. కలాం గారు బతికున్నంతకాలం ఎక్కడికెళ్ళినా ఈ సంగతి చెప్పేవారు.

పలాస_జీడిపప్పు
ధావన్ గారి కథ ఎన్నిసార్లు విన్నా మళ్ళీ వినబుద్ధేస్తుంది. శ్రీహరికోట కేంద్రం షార్‌కి ఆయన పేరు పెట్టింది 2002లో అనుకుంటా కదా?

కోనసీమ_మాస్టారు
అవును, 2002లోనే.

సియాటిల్_వాన
అచ్చం ఇలాంటిదే మా వైపు. మైక్రోసాఫ్ట్ 2016లో టే అనే చాట్‌బాట్ వదిలితే జనం దానికి బూతులు నేర్పారు, రోజు తిరక్కుండా మూసేశారు. ఆ టీముకి సత్య నాదెళ్ళ మెయిల్ పెట్టాడు, ప్రయత్నం ఆపకండి, నేను మీతో ఉన్నాను అని. మన హైదరాబాద్ కుర్రాడు. 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక ఉద్యోగుల్ని ర్యాంకులేసి కింద ఉన్నవాళ్ళని పంపేసే పద్ధతి తీసేసి కంపెనీ కల్చర్ మొత్తం మార్చాడు.

గచ్చిబౌలి_హెచ్ఆర్
@సియాటిల్_వాన ర్యాంకుల పద్ధతి తీసేసింది 2013 నవంబరులో, అంతకుముందు సీఈఓ బాల్మర్ ఉండగానే. నాదెళ్ళ గారికి ఇవ్వాల్సిన మెప్పు వేరే ఉంది. అంతా తెలిసినవాడిగా ఉండటం కంటే నేర్చుకునేవాడిగా ఉండటం గొప్ప అని ఆయన అదే మాట ఏళ్ళ తరబడి చెప్పడం, తనే ముందు అలా ఉండి చూపించడం. రూలు మార్చడం ఒక్కరోజు పని. ఆ రూలుతో పాటు పక్కవాడిని పోటీగా చూడటం అలవాటైన మనుషులు మారడానికి ఏళ్ళు పట్టింది.

సియాటిల్_వాన
సరే, ఆ తేదీ నాకు తెలియదు. టే మెయిల్ సంగతి మాత్రం గట్టిది.

హెడ్‌నర్స్_కర్నూలు
అందరూ మంచి చెప్తున్నారు, నేను ఒక జాగర్త చెప్తాను. "ఒక్కొక్కరినీ విడిగా పట్టించుకోవడం" ఉంది చూడండి, దాన్ని పక్షపాతం అనుకోవడానికి ఎంతో సేపు పట్టదు. మా వార్డులో ఒకమ్మాయికి చంటిబిడ్డ, నైట్ డ్యూటీ తగ్గించమంది. న్యాయమే. మా పాత ఇన్‌ఛార్జి ఎవరికీ చెప్పకుండా తగ్గించింది. వారంలో వార్డు రెండు ముక్కలైంది. ఇప్పుడు నేనున్నాక నైట్ డ్యూటీల చార్టు గోడ మీద అంటిస్తాను. ఎవరికి ఎన్ని, ఎవరికి ఎందుకు తగ్గాయి, ఎప్పటిదాకా, అంతా అందరికీ కనపడాల. ఇప్పుడు వాళ్ళే నా దగ్గరికొచ్చి, "సిస్టర్, ఆమె నైటు నేను చేస్తా" అంటున్నారు.

పైన @గచ్చిబౌలి_హెచ్ఆర్ అన్నాడు కదా ఇచ్చిపుచ్చుకునేదాని మీద రెండోది కట్టాలని, అది నాకు బాగా తెలుసు. డ్యూటీ చార్టు సరిగా లేని చోట స్ఫూర్తి గురించి మాట్లాడితే జనానికి ఒళ్ళు మండుతుంది. సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు ఎవరికి ఎన్ని పడుతున్నాయో ముందు చూడండి మేడం.

లెక్కల_పంతులు
@హెడ్‌నర్స్_కర్నూలు అక్కా, ఆ చివరి లైను ప్రతి స్టాఫ్ రూములో ఫ్రేము కట్టించాలి.

నెల్లూరు_సంఘం
నాకు పెద్ద చదువు లేదు. మా అమ్మ సారా ఉద్యమంలో తిరిగింది. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మకి ఏ పదవుంది? రాత్రి బళ్ళో అక్షరాలు నేర్చుకోడానికి కూర్చున్న ఆడోళ్ళు, మన ఇళ్ళల్లో ఏం జరుగుతా ఉందో మాట్లాడుకోడం మొదలెట్టినారు. ఊళ్ళో సారా అమ్మకం ఆపినారు. 1992కి అది జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. అమ్మ చెప్పేది, "మాకు ఎవరూ లీడరు లేరు, ఎవరి ఇంటి ముందు గొడవైతే ఆ పొద్దుకి ఆమే లీడరు" అని.

మేడం, మీ పిల్లల అమ్మల్ని కూర్చోబెట్టి అడిగినారా ఎప్పుడైనా? తల్లిదండ్రుల మీటింగంటే పిలిచి మార్కులు చదివి పంపేస్తారు. ఇంటికాడ పిల్లోడు పుస్తకం తీస్తాడా లేదా, ఎందుకు తీయడు, వాళ్ళని అడగండి. మీకు తెలియనివి చెప్తారు.

మాదాపూర్_మాజీ
ఇంకోవైపు చూపిస్తా. నేను పనిచేసిన స్టార్టప్ ఫౌండర్‌ని చూస్తే మీరంతా ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్ అంటే ఇతనే అనేవాళ్ళు. మాట్లాడితే కళ్ళల్లో నీళ్ళొచ్చేవి. ప్రపంచాన్ని మారుస్తున్నాం అనేవాడు. మేం రాత్రి రెండింటిదాకా ఆఫీసులోనే ఉండేవాళ్ళం, ఎవరూ బలవంతపెట్టలేదు, మాకే వెళ్ళాలనిపించేది కాదు. పెళ్ళిళ్ళు మిస్సయ్యాం. మా ఫ్రెండొకడు వాళ్ళ నాన్న ఆపరేషన్‌కి వెళ్ళడానికి సెలవు అడగలేక అడగలేక అడిగాడు. ఎవరైనా లెక్కలు సరిపోవట్లేదు అంటే "నీకు నమ్మకం తగ్గింది" అనేవాడు. చివరికి జీతాలు ఆగాయి, ఆయన వేరే కంపెనీ పెట్టుకున్నాడు, మేం రోడ్డున పడ్డాం. అందుకే స్ఫూర్తి అనే మాట వింటే నాకు ముందు భయం వేస్తుంది.

గచ్చిబౌలి_హెచ్ఆర్
@మాదాపూర్_మాజీ మీరు చెప్పినది చాలా అవసరం. బర్న్స్ మొదటినుంచీ దీన్ని నీతితో ముడిపెట్టాడు, జనాన్ని వాడుకునేవాడిని ఆయన అసలు ఈ లెక్కలోనే చేర్చడు. బాస్ కూడా తర్వాత, 1999లో, నకిలీ రకం ఉంటుందని విడిగా రాశాడు. బయటికి అన్నీ అవే లక్షణాలు, లోపల మాత్రం తన కోసమే. పరీక్ష ఏమిటంటే, ఎదురు ప్రశ్న వేసినవాడికి ఏమవుతుంది? మీ ఆఫీసులో నమ్మకం తగ్గిందన్నారు. కొత్తగా ఆలోచించమనడం నిజమైతే ఆ ప్రశ్న వేసినవాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టాలి.

కోనసీమ_మాస్టారు
అందుకే ఆ లెక్కల మాస్టారు నీ అదృష్టం అమ్మాయీ. ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే కదా.

ఫార్మా_షిఫ్ట్_బి
కెనడా బ్యాంకులో సిబ్బంది చెప్పింది విన్నారు అన్నారు కదా, మేడం కూడా ఒక డబ్బా పెట్టి పేరు లేకుండా చీటీలు వేయమంటే?

లెక్కల_పంతులు
టీచర్ల దగ్గర పేరు లేని చీటీయా? ఒకరి చేతిరాత ఒకరికి నిద్రలో కూడా తెలుసు. జవాబు పత్రాలు దిద్దిన కళ్ళు ఇవి.

పలాస_జీడిపప్పు
ఎడమచేత్తో రాయమనండి.

హెడ్‌నర్స్_కర్నూలు
చీటీలొద్దు. మీరే ఒకరిని అడగండి, "నేను ఏం మానేస్తే మీకు పని సులువవుతుంది?" అని. ఏం చెయ్యాలి అంటే చెప్పరు, ఏం మానాలి అంటే చెప్తారు.

కొత్త_హెచ్ఎం
మీ అందరి పోస్టులూ చదివి కొన్ని మొదలుపెట్టాను. దసరా సెలవులు కూడా అయిపోయాయి, ఇప్పుడు రాస్తున్నాను.

సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు తీసి చూశాను. హిందీ మేడంకే అన్నీ పడుతున్నాయి, ఎందుకంటే ఆవిడ కాదనరు. దాన్ని వంతులవారీ చేసి స్టాఫ్ రూములో పెట్టాను. ఆవిడ నాతో ఏమీ అనలేదు. మర్నాడు అసెంబ్లీకి పిల్లలతో పాట నేర్పించి తీసుకొచ్చారు. సిస్టర్ గారూ, ఇది మీరు చెప్పినందువల్లే.

గూగుల్ షీట్లు నేనూ, రికార్డ్ అసిస్టెంటూ చేస్తున్నాం. పంతులు గారు చెప్పింది నిజం, గది వాతావరణమే మారింది.

ఎనిమిదో తరగతి బి సెక్షన్ మొదటి పీరియడ్ నేను తీసుకున్నాను. నా సబ్జెక్టు బయాలజీ. 408ని 4తో భాగించమంటే తరగతిలో ఎక్కువమంది 12 అని రాశారు. నాలుగులో నాలుగు ఒకసారి, ఎనిమిదిలో నాలుగు రెండుసార్లు, అయిపోయింది. మధ్యలో సున్న ఎవరికీ కనపడలేదు. బోర్డు మీద ఎన్నిసార్లు చేసినా అదే తప్పు. లెక్కల సార్ కిటికీ దగ్గర ఆగి చూసి వెళ్ళిపోయారు, ఏమీ అనలేదు. మర్నాడు నా టేబుల్ మీద ఒక సంచి ఉంది. అందులో చీపురుపుల్లలు, ఒకే పొడవుకి కోసినవి. పదేసి రబ్బరు బ్యాండుతో కట్టినవి, ఆ పది కట్టలు కలిపి వంద కింద కట్టినవి, కొన్ని విడిగా. ఆయన వచ్చి, "భాగహారం రాకపోవడం కాదు మేడం, వాళ్ళకి స్థాన విలువ రాదు. వంద పుల్లల కట్టలు నాలుగు, నలుగురికి పంచమనండి. పదుల కట్టలు లేవు, అప్పుడు ఏం రాయాలి అని అడగండి" అన్నారు. అలాగే చేశాను. ఒకమ్మాయి "పదులు ఎవరికీ రాలేదు కాబట్టి సున్న పెట్టాలి మేడం" అంది. సార్ వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు.

అప్పుడు అడిగాను ఆయన్ని. ఆరు నుంచి ఎనిమిది వరకు లెక్కల పునాది మొత్తం మీరు చూడండి, ఏ పిల్లాడు ఏ గుంపులో ఉండాలో, ఏ పీరియడ్ వాడుకోవాలో మీ ఇష్టం, టైంటేబుల్ మీరే రాయండి, నేను సంతకం పెడతాను అని. రెండు రోజులు టైం అడిగారు. తర్వాత టైంటేబుల్ తెచ్చిచ్చారు.

ఇప్పుడు సమస్య. ఇంగ్లిషు సార్, సైన్సు మేడం ఇద్దరికీ ఇది నచ్చలేదు. "పెద్దాయనకి పెత్తనం ఇచ్చారు, మా పీరియడ్లు తీసుకున్నారు" అంటున్నారు. నాకు ఎదురుగా అనలేదు, వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఏం చెయ్యమంటారు?

ఓరుగల్లు_పోరడు
మేడం, చీపురుపుల్లల కాడ నేను ఓడిపోయిన. పవర్ లేదన్న కద, వాపస్ తీస్కుంటున్న.

నెల్లూరు_సంఘం
ఆ పాప "పదులు ఎవరికీ రాలేదు" అనడం చదివి రెండుసార్లు చదివినాను.

మాదాపూర్_మాజీ
ఆ ఇద్దరినీ వ్యతిరేకులు అని గుర్తేసుకోవద్దు మేడం, దయచేసి. మా దగ్గర మొదటి తప్పు అక్కడే జరిగింది. ఫౌండర్‌కి ఇష్టమైనవాళ్ళు, కానివాళ్ళు అని రెండు గుంపులయ్యాయి. వాళ్ళ పీరియడ్లు పోయాయి, అది నిజమైన నష్టం. సిలబస్ ఎలా పూర్తిచెయ్యాలి అన్న భయం ఉంటుంది.

లెక్కల_పంతులు
అవును. నవంబరులో సైన్సు మేడంకి సిలబస్ వెనకబడితే రివ్యూలో అడిగేది ఆవిడనే. పీరియడ్లు తీసుకుంటే తిరిగి ఎప్పుడిస్తారో తేదీ చెప్పాలి.

హెడ్‌నర్స్_కర్నూలు
ఎవరో చెప్పగా తెలిసిందన్న మాట వాళ్ళతో ఎత్తొద్దు. నేరుగా పోయి, "మీ పీరియడ్లు తగ్గాయి, మీకు ఎక్కడ ఇబ్బంది అవుతుంది?" అని మీరే అడగండి. ముగ్గుర్నీ కూర్చోబెట్టి పంచాయితీ మాత్రం చెయ్యొద్దు, ఇద్దరితో విడివిడిగా.

గచ్చిబౌలి_హెచ్ఆర్
అలాగే లెక్కల సార్‌కి ఇచ్చినట్టు వాళ్ళకీ ఏదైనా వాళ్ళ సొంతంగా ఉండాలి. ఆయనకి ఇచ్చింది తగ్గించి కాదు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆయన మళ్ళీ "వచ్చిన ప్రతి హెచ్ఎమ్మూ" దగ్గరికి వెళ్ళిపోతారు.

కోనసీమ_మాస్టారు
పాలు తోడేసి గంటకోసారి గిన్నె కదిపి చూస్తే పెరుగు తోడుకోదు. టైంటేబుల్ ఈ టర్ము అంతా ముట్టుకోకు. మిగతాది సిస్టరమ్మ చెప్పినట్టు చెయ్యి.

కొత్త_హెచ్ఎం
ఇద్దరితో మాట్లాడాను. సైన్సు మేడంకి భయం సిలబస్ గురించే, పంతులు గారు అన్నట్టు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆవిడ పీరియడ్లు తిరిగిస్తానని తేదీతో సహా రాసి ఇచ్చాను, లెక్కల సార్ కూడా దాని కింద సంతకం పెట్టారు. ఇంగ్లిషు సార్‌ది వేరు. ఆయన రీడింగ్ గురించి రెండేళ్ళ కిందట ఒక ప్లాన్ రాసిచ్చారట, అప్పటి హెచ్ఎం బీరువాలో పెట్టారట. బీరువా వెతికాం, దొరికింది. మంచి ప్లాన్. ఏడో తరగతిలో సోమవారం నుంచి మొదలుపెడుతున్నారు, పుస్తకాలకి స్కూల్ గ్రాంటులోంచి ఇస్తున్నాను. తల్లుల మీటింగు శనివారం సాయంత్రం పెట్టాం, కూలిపనుల నుంచి వచ్చాక.

నెల్లూరు_సంఘం
శనివారం సంత ఉంటే రారు, చూసుకోండి.

కొత్త_హెచ్ఎం
అవునండీ, మా ఊళ్ళో సంత శనివారమే! ఆదివారానికి మారుస్తాను.

లెక్కల_పంతులు
మేడం, మీ సార్ పెట్టిన భాగహారం పరీక్ష పేపరు ఇక్కడ పెట్టగలరా? 408 లాంటివి ఎన్ని ఇచ్చారో చూడాలి. మా బళ్ళో ఆరో తరగతికి పెడతాను.

కొత్త_హెచ్ఎం
సార్‌ని అడిగి పెడుతున్నాను. ఇవిగో: 408÷4, 612÷6, 305÷5, 840÷4, 1206÷3, 2010÷5. నోటితో ఒక ప్రశ్న కూడా అడుగుతారు, "408లో ఎన్ని పదులున్నాయి?" అని. సున్న అన్నవాళ్ళు ఒక గుంపు, నలభై అన్నవాళ్ళు ఇంకో గుంపు. మీ పిల్లల జవాబులు తనకి పంపమన్నారు, చూస్తారట.